కొండ నదిలో ఈ సీజన్ నీళ్ళెన్ని? కొలిచే పద్ధతుల్లో ఏది ఎవరికి పనికొస్తుంది

కొండల్లో పుట్టే నది మీద ఆధారపడ్డవాళ్ళకి ఏటా రెండే ప్రశ్నలు. ఈ సీజన్‌లో ఎన్ని నీళ్ళొస్తాయి? ఎప్పుడొస్తాయి? జవాబు చెబుతామనే పద్ధతులకి మాత్రం లోటు లేదు. నదిలో నీటిమట్టం కొలిచే గేజ్ పెట్టమని ఒకరంటారు. కొండమీద మంచు కొలవమని ఇంకొకరంటారు. ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతుంటే ఈ తిప్పలన్నీ ఎందుకని మరొకరు. చివర్లో, అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపించే డ్యాష్‌బోర్డు కొనమని అమ్మకందారు వస్తాడు.

వీటిలో ఏదీ పనికిరానిది కాదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబిస్తుంది, అంతే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నమ్మదగిన గేజ్ లేకుండా మిగతావాటి మీద డబ్బు పెట్టడం దండగ. గేజ్ ఉన్నాక రెండో అడుగు ఎటు వెయ్యాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మీ నీళ్ళు ఎక్కడ నిల్వ ఉంటాయి, మీ నిర్ణయం ఏ తేదీకల్లా తీసుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కొండ నది అనగానే మంచే గుర్తొస్తుంది గానీ అన్నీ మంచు నదులు కావు. పశ్చిమ హిమాలయాల్లో చలికాలపు మంచు నెలల తరబడి పేరుకుని, ఎండలు ముదిరాక కరుగుతుంది. భాక్రా దగ్గర సట్లెజ్‌లో ఏడాది పొడుగునా పారే నీటిలో మంచు, హిమానీనదాల వాటా సుమారు 60 శాతమని లెక్క కట్టారు. తూర్పు హిమాలయాలకి వెళ్తే కథ మారిపోతుంది. అక్కడ నది నిండేది ప్రధానంగా వర్షాకాలపు వానలతో. అలాంటి చోట ఏప్రిల్‌లో మంచుని ఎంత జాగ్రత్తగా కొలిచినా జూలై ప్రవాహం గురించి అది చెప్పేది తక్కువే.

సీజన్ మంచు వేరు, హిమానీనదం వేరు అన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. చలికాలం మంచు తక్కువ పడి, వేసవి బాగా కాస్తే హిమానీనదాలు ఎక్కువ కరిగి లోటుని కొంత పూడుస్తాయి. ఎగువన హిమానీనదాలు బాగా ఉన్న నదిలో మంచు తక్కువైన ప్రతి ఏడాదీ నీటి కరువు ఏడాదే అనుకోనక్కర్లేదు. హిమానీనదాలు లేని పక్క లోయలో ఆ భరోసా ఉండదు.

మీ నది ఏ రకమో తెలియకపోతే ఒక సులువైన పరీక్ష ఉంది. వాన లేని వేసవి రోజుల్లో గంట గంటకీ నీటిమట్టం చూడండి. పగటి వేడితో పాటు పెరిగి, కొన్ని గంటల ఆలస్యంతో గరిష్ఠానికి చేరి, మళ్ళీ రాత్రంతా తగ్గుతూ ఉంటే ఎగువన కరుగుదల నడుస్తోందని అర్థం. రోజంతా గీత చదునుగా ఉంటే అప్పుడు వస్తున్నది ఎక్కువగా ఊట నీరు.

నిర్ణయం తేదీ ఏది? ఎంత ఆయకట్టు తడపగలమో పంట వెయ్యకముందే చెప్పాలంటే రెండు మూడు నెలల ముందు అంచనా కావాలి. రేపు టర్బైన్‌కి ఎంత నీరు వదలాలన్న ప్రశ్నకి నిన్నటి, ఇవాళ్టి లెక్క చాలు. చాలామంది పరికరం ఎంచుకున్నాక దీని గురించి ఆలోచిస్తారు. వరస తిరగెయ్యాలి.

పరీవాహక ప్రాంతంలో ఎత్తు తేడా ఎంత? అడుగున వెయ్యి మీటర్లు, పైన ఐదు వేల మీటర్లు ఉన్న లోయలో, అడుగున ఉన్న ఒక్క వాతావరణ కేంద్రం మొత్తానికి ప్రతినిధి కాలేదు. కింద వాన పడుతున్నప్పుడు పైన మంచు కురుస్తుంది. వానైతే గంటల్లో నదికి చేరుతుంది, మంచైతే నెలలు పడుతుంది.

పాత రికార్డు ఎన్నేళ్ళది? "సగటులో 80 శాతం" అనాలంటే ముందు సగటు ఉండాలి. అది సాధారణంగా 30 ఏళ్ళ లెక్క. అమెరికాలో ఇప్పుడు 1991–2020 కాలాన్ని వాడుతున్నారు. నిన్న మొన్న పెట్టిన సెన్సర్ ఎంత ఖరీదైనదైనా మొదటి కొన్నేళ్ళు అంకెలిస్తుంది గానీ ఆ అంకె ఎక్కువో తక్కువో చెప్పలేదు.

పాడైతే ఎక్కేది ఎవరు? చలికాలం మధ్యలో 3,500 మీటర్ల ఎత్తున బ్యాటరీ చచ్చిపోతే వెళ్ళి మార్చగలిగేవాళ్ళు ఉన్నారా? లేకపోతే ఆ పరికరం మీ జాబితాలో ఉండకూడదు.

ఏ వైపు తప్పు మీకు ఖరీదు? ఎక్కువ నీళ్ళొస్తాయని చెప్పి తక్కువొస్తే పంట ఎండుతుంది. తక్కువొస్తాయని రిజర్వాయర్ నింపి ఉంచాక వరద ముంచుకొస్తే గేట్లు ఎత్తాలి. ఇద్దరికీ ఒకే అంచనా ఇచ్చినా ఇద్దరూ దాన్ని ఒకేలా చదవరు.

## ఒక్క చూపులో

| పద్ధతి | నేరుగా కొలిచేది | ఎంత ముందు చెబుతుంది | బలహీనత |
|---|---|---|---|
| నది గేజ్ | నీటిమట్టం, దాని నుంచి ప్రవాహం | గంటలు, రోజులు. నీరు తగ్గే కాలంలో వారాలు | వరద తర్వాత నదీగర్భం మారడం |
| చేత్తో మంచు కొలత | ఒక వరసలో మంచు లోతు, బరువు | ఒకటి నుంచి నాలుగు నెలలు | నెలకోసారే. మనుషులు ఎక్కాలి |
| మంచు దిండు | ఒక చోట మంచు బరువు, రోజూ | ఒకటి నుంచి నాలుగు నెలలు | ఒక్క చోటి లెక్క; పైఎత్తులు కనపడవు |
| ఉపగ్రహ మంచు పటం | మంచు కప్పిన విస్తీర్ణం | కొన్ని వారాలు | మబ్బులు. లోతు తెలియదు |
| విమాన లైడార్ (విమానం నుంచి లేజర్ కొలత) | లోయ మొత్తం మంచు లోతు | ఒకటి నుంచి మూడు నెలలు | ఖర్చు. సీజన్‌కి కొన్ని సార్లే |
| కరుగుదల మోడల్ | ఏమీ కొలవదు, లెక్క కడుతుంది | రోజుల నుంచి నెలలు | లోపలికిచ్చే వాన, ఉష్ణోగ్రతల్లో తప్పులు |
| మిశ్రమ సూచీ | ఏమీ కొలవదు, కలిపి చూపిస్తుంది | నెల నెలా పరిస్థితి | ఒక నదీలోయని ఇంకోదానితో పోల్చలేం |

## నది గేజ్

నదిలో పారే నీటిని రోజూ నేరుగా ఎవరూ కొలవరు. కొలిచేది నీటిమట్టం. వేరువేరు మట్టాల దగ్గర ప్రవాహం ఎంతుందో కొన్నిసార్లు చేత్తో కొలిచి, రెండింటినీ కలిపే ఒక వక్రరేఖ గీస్తారు. ఆ తర్వాత సెన్సర్ ఇచ్చే మట్టాన్ని ఆ రేఖలో పెట్టి ప్రవాహం చదువుతారు. గేజ్ గొప్పతనమూ, దాని తంటా కూడా ఈ రేఖలోనే ఉన్నాయి.

మైదానంలో ఒకసారి గీసిన రేఖ కొంతకాలం నిలుస్తుంది. కొండ వాగులో ఒక్క పెద్ద వరదకి బండరాళ్ళు దొర్లి, ఒకచోట కోత, ఇంకోచోట మేట పడి నదీగర్భమే మారిపోతుంది. మట్టం అదే చూపిస్తున్నా కింద పారే నీరు వేరు. అందుకే పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ రేఖని సరిచూసుకోవాలి. ఈ పని బడ్జెట్‌లో ఎవరూ రాయరు. సెన్సర్ ఖర్చు రాస్తారు, స్తంభం ఖర్చు రాస్తారు, ఏడాదికి నాలుగైదుసార్లు మనిషి వెళ్ళి ప్రవాహం కొలిచే ఖర్చు మర్చిపోతారు. రెండేళ్ళయ్యాక గేజ్ అంకెలు ఎవరూ నమ్మరు.

ఉరవడిగా, రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ పారే వాగులో ప్రొపెల్లర్ మీటరు దించి కొలవడం కష్టం. అక్కడ పనికొచ్చేది మామూలు ఉప్పు. లెక్క ప్రకారం తూచిన ఉప్పుని నీళ్ళలో కరిగించి ఎగువన పోసి, అది పూర్తిగా కలిసిపోయేంత దూరంలో దిగువన నీటి విద్యుద్వాహకత ఎలా పెరిగి తగ్గిందో కొలుస్తారు. ఎంత పలచబడిందో తెలిస్తే ప్రవాహం లెక్క వచ్చేస్తుంది. చిన్న వాగుకి కొద్ది కిలోల ఉప్పు, ఒక చిన్న మీటరు చాలు. మైదానంలో ఇబ్బంది పెట్టే సుడులే ఇక్కడ ఉప్పుని బాగా కలిపి మేలు చేస్తాయి.

సెన్సర్ విషయానికొస్తే, నీళ్ళలో ముంచే ప్రెషర్ సెన్సర్ చవక. కాకపోతే ఒండ్రుమట్టికి, గడ్డకట్టే చలికి, దొర్లే రాళ్ళకి అది తొందరగా బలైపోతుంది. వంతెన ఉంటే దాని కింద రాడార్ సెన్సర్ బిగించడం మేలు. అది నీటిని ముట్టుకోదు. చలికాలంలో నది ఉపరితలం గడ్డకట్టే చోట్ల మాత్రం ఏ సెన్సర్ పెట్టినా మట్టం తప్పుగానే పెరిగి కనిపిస్తుంది.

గేజ్ ముందుచూపు లేనిదన్న మాట సగమే నిజం. వానాకాలం అయిపోయాక, కరుగుదల మొదలవ్వకముందు నదిలో పారే సన్నటి ప్రవాహం ఆ లోయ నేలలోనూ రాళ్ళలోనూ ఎంత నీరు మిగిలుందో చెబుతుంది. ఆ ప్రవాహం మామూలుకన్నా బాగా తక్కువుంటే వచ్చే వసంతంలో కరిగే మంచులో కొంత నేలే తాగేస్తుంది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడాలో 2021లో జరిగింది అదే. ఏప్రిల్ నాటికి మంచు సగటుకన్నా తక్కువే ఉంది. నదులకి చేరిన నీరు ఆ మంచుని చూసి వేసిన అంచనాకన్నా కూడా చాలా తగ్గిపోయింది. ముందటి ఏడాది కరువుకి ఎండిన నేల, ఆపైన పొడి వసంతం కలిసి ఆ తేడా తెచ్చాయి. మంచు ఒక్కటే చూసినవాళ్ళకి అది పెద్ద దెబ్బ.

ఒక చిన్న లెక్క ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. సెకనుకి ఒక ఘనపు మీటరు ప్రవాహం రోజంతా పారితే 86,400 ఘనపు మీటర్లు. ముప్పై రోజులకి దాదాపు 26 లక్షలు.

## మంచుని కొలవడం: మనిషి ఎక్కాలా, పరికరం పెట్టాలా

మంచు లోతు చూసి మోసపోకూడదు. అప్పుడే పడ్డ మెత్తటి మంచు ఒక మీటరు కరిగిస్తే 100 మిల్లీమీటర్ల నీరు రావచ్చు. వసంతం చివర్లో గట్టిపడి తడిసిన మంచు అదే మీటరు లోతుకి 400 మిల్లీమీటర్లు దాటొచ్చు. మనకి కావలసింది కరిగిస్తే నిలిచే నీటి లోతు. నూరు చదరపు కిలోమీటర్ల మీద సగటున 300 మిల్లీమీటర్ల నీరు మంచు రూపంలో ఉంటే అది మూడు కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఒక టీఎంసీకన్నా కాస్త ఎక్కువ.

చేత్తో కొలిచే పద్ధతి వందేళ్ళు దాటినది. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ పాఠాలు చెప్పే జేమ్స్ చర్చ్ అనే ఆచార్యుడు 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో మౌంట్ రోజ్ మీదికెక్కి, గొట్టాన్ని మంచులోకి దించి, లోపల చిక్కిన మంచుని తూచి నీటి లెక్క కట్టాడు. టాహో సరస్సు మట్టం ఎంత పెరుగుతుందో ముందే చెప్పడానికి అది పనికొచ్చింది. కాలిఫోర్నియాలో 1929 నుంచి ఈ సర్వే ఏటా జరుగుతోంది. ఆ గొట్టం ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఒకే వరసలో, అవే గుర్తుల దగ్గర, ఏటా అవే తేదీల్లో కొలవడమే దీని బలం. మంచుదిబ్బ మీద ఒకసారి, గాలికి ఊడ్చుకుపోయిన చోట ఒకసారి కొలిచినా సగటులో తేడాలు సర్దుకుంటాయి.

రెండోది మంచు దిండు. గడ్డకట్టని ద్రవం నింపిన వెడల్పాటి సంచీని నేలమీద పరిస్తే, పైన పడ్డ మంచు బరువుకి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి చూసి నీటి లెక్క. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో 1970ల చివర్లో మొదలైన స్నోటెల్ వ్యవస్థలో ఇలాంటి కేంద్రాలు ఇప్పుడు 900కి పైగా ఉన్నాయి. సెల్ టవర్లు లేని ఆ రోజుల్లో ఆ కేంద్రాలు ఉల్కలు రాలినప్పుడు పైన గాలిలో మిగిలే జాడల మీదికి రేడియో సంకేతం పంపి, అది తిరిగి కిందికి వచ్చేలా చేసి డేటా చేరవేసేవి. మీకు ఆ అవస్థ లేదు, ఉపగ్రహ మోడెమ్‌లు దొరుకుతున్నాయి.

ఈ రెండింటిలో ఏది? రోజువారీ మార్పు కావాలంటే దిండు. కరుగుదల ఏ రోజు మొదలైంది, నిన్న రాత్రి తుపాను ఎంత తెచ్చింది అన్నది గొట్టంతో తెలియదు. చుట్టూ పల్లెలు, కొండ ఎక్కే అలవాటున్న మనుషులు ఉండి, డబ్బు తక్కువైతే చేతి కొలతే సరైనది. దిండు ఒక్కటి కొనే ముందు ఆ డబ్బుతో ఎన్ని ఏళ్ళు మనుషులతో కొలిపించవచ్చో లెక్క వేసుకోండి. ఇంకో మాట కూడా. దిండు మీద మంచు గట్టి పొరలు కట్టి వంతెనలా నిలబడితే బరువు పక్క నేల మీదికి పోతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. పక్కనే మనిషి చేత్తో కొలిచిన లెక్క లేకపోతే ఆ తప్పు బయటపడదు.

రెండింటికీ ఉన్న అసలు లోపం ఎత్తు. కేంద్రాలన్నీ మనిషి చేరగలిగిన, చదునుగా ఉన్న, చెట్ల మధ్య ఖాళీల్లో ఉంటాయి. ఇవన్నీ మధ్య ఎత్తులే. మే చివరికి ఆ కేంద్రాల్లో మంచు సున్నా అవుతుంది. పైన ఇంకా మీటర్ల కొద్దీ మంచు ఉండొచ్చు. ఆ సున్నాని చూసి "ఇక నీళ్ళు రావు" అని నోటీసు రాసేవాళ్ళు ఏటా కొందరుంటారు. ఈ ఖాళీని పూడ్చేది ఉపగ్రహం.

## ఉపగ్రహం: ఎంత మేర ఉందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు

నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ అనే పరికరం 2000 నుంచి రోజూ 500 మీటర్ల చుక్కల్లో మంచు పటం ఇస్తూ వచ్చింది. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 పది మీటర్ల వరకు స్పష్టంగా చూపిస్తుంది గానీ ఒకే చోటికి దాదాపు ఐదు రోజులకోసారి వస్తుంది. అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి కాబట్టి పాత ఏళ్ళతో పోల్చడానికి దానికి సాటి లేదు. ఇవన్నీ ఉచితమే.

చెరువు విస్తీర్ణం చూసి లోతు చెప్పలేనట్టే, మంచు కప్పిన మేర చూసి నీళ్ళెన్నో చెప్పలేం. జనవరిలో లోయంతా తెల్లగా ఉండటం పెద్ద విషయం కాదు. పది సెంటీమీటర్లు పడినా అలాగే కనిపిస్తుంది. ఈ పటాలకి విలువ వచ్చేది కరుగుదల మొదలయ్యాక. మంచు అంచు వారం వారం ఎంత పైకి జరుగుతోంది, పోయిన ఏడాది ఇదే తేదీకి ఎక్కడుంది అని చూస్తే, ముందు ఇంకా ఎన్ని వారాల నీరుందో మంచి అంచనా వస్తుంది. సొంతంగా మంచు కొలిచే స్తోమత లేనివాళ్ళు గేజ్‌తో పాటు ఇది ఒక్కటి పెట్టుకున్నా చాలావరకు నడుస్తుంది.

మబ్బులే చిక్కు. ఎనిమిది రోజుల చిత్రాలు కలిపి మబ్బులేని పటం తయారు చేస్తారు గానీ వేగంగా కరిగే రోజుల్లో ఎనిమిది రోజులంటే ఎక్కువే. మబ్బుల్లోంచి చూసే మైక్రోవేవ్ పరికరాలు ఉన్నాయి కదా అంటారు. మంచు నీటి లెక్క నేరుగా ఇస్తామనే పాసివ్ మైక్రోవేవ్ (నేల నుంచి సహజంగా వెలువడే తరంగాల్ని చదివే) డేటా చుక్క పరిమాణం దాదాపు 25 కిలోమీటర్లు. ఇరుకు లోయలు, నిటారైన శిఖరాలు అన్నీ ఒకే చుక్కలో పడతాయి. పైగా మంచు లోతుగా ఉన్నా, తడిసినా సంకేతం దెబ్బతింటుంది. కొండ నదులకి దీన్ని నమ్ముకోకండి.

గురుత్వాకర్షణ మార్పుల్ని బట్టి నీటి లెక్క కట్టే గ్రేస్ ఉపగ్రహాల గురించి కూడా వింటుంటారు. అవి వందల కిలోమీటర్ల పరిధిలో మొత్తం నీటి మార్పు చూపిస్తాయి. పెద్ద నదీవ్యవస్థ మీద పరిశోధనకి బాగుంటాయి, మీ వాగుకి పనికిరావు. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం వంద మీటర్లకన్నా వెడల్పైన నదుల మట్టం కొలవడానికి తయారైంది. దిగువన నది విశాలమయ్యాక అది ఉపయోగపడుతుంది.

## విమాన లైడార్

ఉన్నవాటిలో కచ్చితమైనది ఇదే. వేసవిలో మంచు లేనప్పుడు ఒకసారి, మంచున్నప్పుడు ఇంకోసారి లేజర్‌తో నేల ఎత్తు కొలిచి తీసివేస్తే లోయ మొత్తానికీ లోతు వస్తుంది. కాలిఫోర్నియాలో టూవాలమీ నది ఎగువన నాసా 2013లో దీన్ని మొదలుపెట్టింది. సాంద్రత మాత్రం నేలమీది కొలతలు, మోడల్ నుంచే తీసుకోవాలి. ఒక్క తప్పు అంచనాతో కోట్లు పోయే పెద్ద రిజర్వాయర్ నడిపేవాళ్ళకి ఇది ఖర్చుకి తగినదే. మిగతావాళ్ళు ఈ భాగం వదిలేసి ముందుకెళ్ళొచ్చు.

## మోడల్

కరుగుదల మోడల్‌లో అన్నిటికన్నా సాదాది ఉష్ణోగ్రత లెక్క. సున్నాకి పైన ప్రతి డిగ్రీకి రోజుకి ఇన్ని మిల్లీమీటర్ల మంచు కరుగుతుందని ఒక గుణకం పెట్టుకుంటారు. మంచు కప్పిన మేర 50 చదరపు కిలోమీటర్లు, ఆ ఎత్తున రోజు సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, గుణకం 4 అనుకుందాం. రోజుకి 20 మిల్లీమీటర్లు, అంటే పది లక్షల ఘనపు మీటర్లు, సెకనుకి దాదాపు 11.6 ఘనపు మీటర్ల నీరు. విస్తీర్ణం ఉపగ్రహం ఇస్తుంది, ఉష్ణోగ్రత వాతావరణ కేంద్రం ఇస్తుంది, ఫలితం సరైందో కాదో గేజ్ చెబుతుంది. 1970ల నుంచి వాడుకలో ఉన్న ఎస్‌ఆర్‌ఎం (స్నోమెల్ట్ రనాఫ్ మోడల్) సారం ఇదే, స్ప్రెడ్‌షీట్‌లోనూ నడుస్తుంది.

గుణకం ఎప్పుడూ మారదనుకుంటే పొరపాటు. పాతబడి మురికిపట్టిన మంచు ఎండని ఎక్కువ పీల్చుకుని తొందరగా కరుగుతుంది. కొలరాడోలో ఎడారి దుమ్ము మంచు మీద పడ్డ ఏళ్ళలో నీరు కొన్ని వారాలు ముందే వచ్చేస్తుంది.

నెలల ముందు అంచనాకి ఇంకో పద్ధతి మేలు. ఇవాళ లోయలో ఉన్న మంచు, తడి పరిస్థితిని మోడల్‌లో పెట్టి, గత ముప్పై ఏళ్ళ వాతావరణాన్ని ఒక్కో ఏడాదిగా నడిపిస్తారు. ముప్పై ఫలితాలు వస్తాయి. ఒక్క అంకెకి బదులు ఒక పరిధి చేతికొస్తుంది. చాలా ప్రభుత్వ సంస్థలు ఇచ్చే సీజన్ అంచనాలు ఈ రకమో, పాత మంచు కొలతలకీ ప్రవాహానికీ మధ్య గణాంక సంబంధం చూసేవో అయ్యుంటాయి. రెండో రకం సులువు, స్థిరంగా ఉన్న కాలంలో బాగా పనిచేసింది. మంచు పడాల్సిన చోట వాన పడటం ఎక్కువయ్యాక ఆ పాత సంబంధం సడలుతోంది.

మోడల్ ఎంచుకునేవాళ్ళకి ఒకే హెచ్చరిక: సంక్లిష్టత చూసి మురిసిపోకండి. ఎత్తున ఉన్న వానమాపకంలో గాలికి మంచు సరిగా పడదు, నిజంగా కురిసినదానిలో సగం కూడా అందకపోవచ్చు. ఆ అంకెని ఎంత గొప్ప మోడల్‌లో వేసినా తప్పే బయటికొస్తుంది. ఎరా5-ల్యాండ్ (వాతావరణ లెక్కలు), ఐమెర్గ్ (ఉపగ్రహ వాన లెక్కలు) లాంటి ఉచిత డేటా గళ్ళు దాదాపు తొమ్మిది పది కిలోమీటర్లవి, ఎత్తైన లోయల్లో వాటికీ ఇలాంటి ఇబ్బందే ఉంది. వాడే ముందు మీ గేజ్ రికార్డుతో సరిచూసుకోండి.

## సూచీలు

1982లో కొలరాడో కోసం ఉపరితల నీటి సరఫరా సూచీ ఒకటి తయారైంది. అంతకుముందు అందరూ వాడే పామర్ కరువు సూచీ 1965 నాటిది, నేల తేమ లెక్క దాని ఆధారం, కొండమీద పేరుకున్న మంచు దాని దృష్టిలో లేదు. కొత్త సూచీ మంచు, వాన, నది ప్రవాహం, రిజర్వాయర్ నిల్వ నాలుగింటినీ గత రికార్డులో ఎక్కడున్నాయో చూసి, నదికో రకం వాటాలతో కలిపి, దాదాపు మైనస్ 4.2 నుంచి ప్లస్ 4.2 వరకు ఒక అంకె ఇస్తుంది. చలికాలంలో మంచు లెక్కలోకి వస్తుంది, వేసవిలో దాని చోటుని నది ప్రవాహం తీసుకుంటుంది.

అధికారులకి, పత్రికలకి, సమావేశాలకి ఇది బాగా పనికొస్తుంది. కానీ వాటాలు ఒక్కో లోయకి ఒక్కో రకం కాబట్టి ఇక్కడి మైనస్ 2, పక్క లోయ మైనస్ 2 ఒకటి కావు. కొత్త రిజర్వాయర్ కట్టినా, నీరు మళ్ళించినా వాటాలు మళ్ళీ కట్టాలి. పెద్ద రిజర్వాయర్ నిండుగా ఉంటే ఎగువన మంచు లేకపోయినా సూచీ బాగానే కనిపిస్తుంది. ఆ రిజర్వాయర్ నీరు అందనివాళ్ళకి ఆ అంకె ఒక ఓదార్పు మాత్రమే.

1993లో వచ్చిన ఎస్‌పీఐ (ప్రామాణిక వర్షపాత సూచీ) వాన ఒక్కదాన్నే చూస్తుంది. తేలిక, ఎక్కడైనా పోల్చుకోవచ్చు. పడినది మంచో వానో దానికి తెలియదు కాబట్టి మంచు నదిలో సరఫరా ఎప్పుడొస్తుందన్నది అది చెప్పలేదు.

## ఎవరికి ఏది

చిన్న వాగు మీద ఆధారపడ్డ రైతుల సంఘం. ఒక గేజ్, సీజన్‌కి కొన్ని ఉప్పు కొలతలు, పదిహేను రోజులకోసారి ఉచిత ఉపగ్రహ పటం. మంచు కొలిచే దారి నడవగలిగినదైతే నెలకోసారి చేతి కొలత. మోడల్ జోలికి పోనక్కర్లేదు. అందరికీ కనపడే చోట నీటిమట్టం కొయ్య పాతడం మర్చిపోకండి. సెన్సర్ చెప్పింది నమ్మని పెద్దాయన కూడా కొయ్య మీది అంకె నమ్ముతాడు. నీటి తగాదాల్లో ఆ నమ్మకానికి చాలా విలువ.

చిన్న జలవిద్యుత్ కేంద్రం. రోజు, వారం మీదే మీ లాభం. గంట గంటకీ డేటా పంపే రాడార్ గేజ్, ఉష్ణోగ్రత మోడల్, వాతావరణ సూచన. ఎగువన ఇంకో గేజ్ పెట్టగలిగితే వరద నీటికి, దానితో వచ్చే ఇసుకకి కొన్ని గంటల ముందు హెచ్చరిక దొరుకుతుంది. ఆ డబ్బుతో మంచు దిండు కొనడంకన్నా ఇది మేలు.

పట్టణానికి తాగునీరు ఇచ్చేవాళ్ళు. మీకు తక్కువ అంచనా వేసే తప్పుకన్నా ఎక్కువ అంచనా వేసే తప్పు ఖరీదు. గేజ్‌కి తోడు రెండు మూడు ఎత్తుల్లో మంచు కొలత, శరదృతువు చివరి ప్రవాహం రికార్డు తప్పనిసరి. సూచీ ప్రజలకి చెప్పడానికి వాడండి, నీటి కోతలు నిర్ణయించడానికి కాదు.

పెద్ద రిజర్వాయర్ నడిపేవాళ్ళు. అన్నీ కావాలి, డబ్బూ ఉంటుంది. దిండ్లు, చేతి కొలతలు, మోడల్ పరిధి, వీలైతే లైడార్. రోజువారీ నిల్వ మార్పు, వదిలిన నీరు, ఆవిరి కలిపితే లోపలికి వచ్చిన నీరు ఎంతో లెక్క తేలుతుంది. చవకైన గేజ్ లాంటిదే ఇది. కాకపోతే పూడిక పేరుకుపోయిన రిజర్వాయర్‌లో మట్టానికి నిల్వ చూపే పాత పట్టిక అబద్ధం చెబుతుంది. కొత్తగా సర్వే చేయించకుండా ఆ లెక్క వాడొద్దు.

కొలతలు లేని లోయలో పరిశోధన చేసే విద్యార్థి. ఉపగ్రహ మంచు పటాలు, ఎరా5-ల్యాండ్, సాదా మోడల్. పక్క లోయలోనైనా ఒక గేజ్ రికార్డు దొరికించుకోండి, లేకపోతే మీ ఫలితం సరైందో కాదో మీకే తెలియదు.

## అంచనా చేతికొచ్చాక

సీజన్ మొదట్లో "సగటులో 150 శాతం" లాంటి మాట వింటే టెన్షన్ పడకండి, సంబరపడకండి. నవంబరులో సగటే చిన్న అంకె. ఒక్క తుపానుకి శాతం అటూ ఇటూ ఊగుతుంది. ఫిబ్రవరి దాటాక వచ్చే శాతానికి బరువెక్కువ. శాతంకన్నా, గత ముప్పై ఏళ్ళలో ఈ తేదీకి ఇది కింద నుంచి ఎన్నో స్థానం అన్నది చూడటం ఇంకా మేలు.

పరిధి ఇచ్చే అంచనాలో సాధారణంగా మూడు అంకెలుంటాయి. పదిలో తొమ్మిది సార్లు దాటేది, సగంసార్లు దాటేది, పదిలో ఒక్కసారే దాటేది. మధ్య అంకెని మాత్రమే ఉటంకించడం అలవాటైపోయింది. తాగునీరు ఇచ్చేవాళ్ళు, ఆయకట్టు తేల్చేవాళ్ళు మొదటి అంకె మీద నిర్ణయం తీసుకోవాలి. వరద కోసం ఖాళీ ఉంచాల్సిన రిజర్వాయర్ వాళ్ళు మూడోదాన్ని చూడాలి. ఏ అంకె దాటితే ఏం చేస్తామన్నది సీజన్ మొదలవ్వకముందే కాగితం మీద రాసుకుంటే, ఏప్రిల్‌లో వాదనలు సగం తగ్గుతాయి.

అంచనా వేసిన తేదీ, వేసిన అంకె, చివరికి వచ్చిన నీరు మూడూ ఒకే పట్టికలో ఏటా రాస్తూ పోండి. తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే సెన్సర్ ఎత్తో, గేజ్ రేఖో మార్చాల్సి ఉందని అర్థం. తేడా రెండువైపులా విసిరేసినట్టు ఉంటే మాత్రం కొత్త పరికరం కొనకముందు వానమాపకాన్ని చూసి రండి.